18446744073709551615ని విప్పితే ఏడు ముక్కలు

తెలుగులో ఒక చంపకమాల పద్యం ఉంది. పావులూరి మల్లన పేరిట చెప్పుకుంటారు. పదకొండో శతాబ్దంలో, మహావీరాచార్యుడి సంస్కృత గణితసార సంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన కవి ఆయన. చదరంగపు పలక మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ పోతే 64 గడులకు మొత్తం ఎంతవుతుందో ఆ పద్యం చెబుతుంది. లెక్కంతా మొదటి రెండున్నర పాదాల్లోనే ఉంది:

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్య...

ఇవి భూతసంఖ్యలు. ఒక్కో మాట ఒక్కో అంకె. శరం, సాయకం అంటే మన్మథుడి బాణాలు, ఐదు. శశి, చంద్ర, తుహినాంశు మూడూ చంద్రుడే, ఒకటి. షట్కం ఆరు. రంధ్రాలు తొమ్మిది. వియత్తు, గగనం ఆకాశం కాబట్టి సున్న. నగం, భూధరం, గిరి అంటే కులపర్వతాలు, ఏడు. అగ్నులు మూడు. అబ్ధి, పయోనిధి నాలుగు. వేదాలు నాలుగు. తర్కాలు ఆరు. పద్మజాస్యం బ్రహ్మ ముఖం, నాలుగు. కుంజరాలు దిగ్గజాలు, ఎనిమిది.

వరసగా రాస్తే 5 1 6 1 5 5 9 0 7 3 7 0 4 4 7 6 4 4 8 1. భూతసంఖ్యల్లో అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, అంటే మొదటి మాట ఒకట్ల స్థానం. తిప్పి రాస్తే:

18446744073709551615

మన పద్ధతిలో కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615. పలకాలంటే 1,84,467 కోటి కోట్లు, దాని మీద 44,07,370 కోట్ల 95 లక్షల 51 వేల 615. ఇరవై అంకెలూ ఛందస్సు తప్పకుండా, ఒక్క అంకె పొల్లుపోకుండా కూర్చున్నాయి. యతి కోసమో ప్రాస కోసమో అంకెను మార్చే వీల్లేదు. మార్చగలిగింది మాటను మాత్రమే. అందుకే ఐదుకు ఒకచోట శరం, ఇంకోచోట సాయకం వచ్చాయి. ఈ సంఖ్యను ఇంత అందంగా దాచిపెట్టిన పద్యం మన భాషలో ఉండటం నిజంగా గర్వించదగ్గ విషయం.

గింజలుగా ఊహించుకోవాలంటే ఒక కొలత చాలు. వెయ్యి బియ్యపు గింజలు 20 గ్రాములు తూగుతాయనుకుంటే మొత్తం దాదాపు 36,900 కోట్ల టన్నులు. ప్రపంచమంతా ఏడాదికి పండించే బియ్యం సుమారు 50 కోట్ల టన్నులు కాబట్టి, ఏడు వందల ఏళ్ల పైచిలుకు పంట అన్నమాట. చదరంగం కథను ఇక్కడితో వదిలేద్దాం. సంఖ్య లోపల ఏముందో చూస్తే అంతకన్నా ఎంతో బాగుంటుంది.

ముందు దీన్ని కాగితం మీద సాధించే దారి. 1 + 2 + 4 + ... అని 64 గడులూ కూడనక్కర్లేదు. ఏ గడి దాకా కూడినా మొత్తం, తర్వాతి గడిలో పడాల్సిన గింజలకు ఒకటి తక్కువే ఉంటుంది. కాబట్టి మనకు కావలసింది 2^64 − 1 (2^64 అంటే 64 రెండ్ల లబ్ధం). 2^64కి 63 గుణకారాలు కూడా అక్కర్లేదు, ఆరు వర్గాలు చాలు: 2, 4, 16, 256, 65536, 4294967296, ఆపైన చివరి వర్గం.

ఆ చివరి వర్గమే కాస్త శ్రమ. 4294967296ను 42949, 67296 అని ఐదేసి అంకెల రెండు ముక్కలు చేయండి. కావలసినవి మూడు లబ్ధాలు:

42949 వర్గం = 1844616601
42949 × 67296, రెండింతలు = 5780591808
67296 వర్గం = 4528751616

మొదటిదానికి పది సున్నలు, రెండోదానికి ఐదు సున్నలు చేర్చి మూడూ కూడితే 18446744073709551616. ఒకటి తీసేస్తే మన సంఖ్య. సాధారణంగా తప్పు జరిగేది మధ్య లబ్ధాన్ని రెండింతలు చేయడం మరిచిపోయినప్పుడు, లేదా సున్నలు చేర్చాక స్థానాలు ఒకటి అటో ఇటో జరిగినప్పుడు.

సరిచూసుకోవడానికి తొమ్మిదితో శేషం తీయడం చాలామందికి అలవాటు. అంకెల మొత్తం 87, తొమ్మిదితో శేషం 6, సరిపోతుంది. కానీ రెండు అంకెలు తారుమారైనా ఆ మొత్తం మారదు, కాబట్టి ఇరవై అంకెల సంఖ్యకు ఈ పరీక్ష చాలదు. దీనికి బాగా పనికొచ్చేది 1001. అంకెలను కుడి నుంచి మూడేసి విడదీసి, ఒకటి కూడి ఒకటి తీసివేస్తూ పోవాలి:

615 − 551 + 709 − 073 + 744 − 446 + 18 = 1016

1016లోంచి 1001 తీస్తే 15. రావలసింది కూడా సరిగ్గా 15. ఎందుకంటే 1001 = 7 × 11 × 13. రెండు ఘాతాలను భాగిస్తూ పోతే శేషాలు 7తో ప్రతి 3 మెట్లకు, 11తో ప్రతి 10 మెట్లకు, 13తో ప్రతి 12 మెట్లకు మొదటికొస్తాయి. మూడింటికీ కలిపి 60. అంటే 2^60కి 1001తో శేషం 1, 2^64కి 2^4, అంటే 16, అందులో ఒకటి తీస్తే 15. ఏ ఒక్క అంకె తప్పినా, పక్కపక్క అంకెలు రెండు తారుమారైనా ఈ పరీక్ష పట్టేస్తుంది. పట్టలేని వాటిలో ఒకటి, ఒకే గుర్తుతో వచ్చే రెండు గుంపులు మొత్తంగా చోటు మార్చుకోవడం, ఉదాహరణకు 615, 709.

పద్యం విప్పడంలో దొర్లే తప్పులకూ ఇదే మందు. "వియన్నగాగ్ని"ని వియత్ + నగ + అగ్ని అని విడదీయాలి. అక్కడ నాగ అని చదివితే 7 బదులు 8 వస్తుంది, శేషం 15 కాక 115 అవుతుంది. సముద్రాలనగానే సప్తసముద్రాలు గుర్తొచ్చి అబ్ధిని 7గా తీసుకునేవాళ్లూ ఉంటారు. లెక్కల పద్యాల్లో సముద్రానికి నాలుగే వాడుక. అబ్ధి ఒక్కటీ మారిస్తే శేషం 18, పయోనిధి కూడా మారిస్తే 989. ఇంకో చక్కదనం ఏమిటంటే, పద్యంలోని మాటలను మూడేసి తీసుకుంటే ఈ గుంపులే వస్తాయి: శర శశి షట్క 615, చంద్ర శర సాయక 551, రంధ్ర వియత్ నగ 709. పద్యం నోటికొస్తే కాగితం లేకుండానే సరిచూడొచ్చు.

ఇప్పుడు అసలు విషయం. ఇంత పెద్ద సంఖ్యను ముక్కలు చేయడం మామూలుగా తేలిక కాదు. ఇది మాత్రం చిన్నప్పుడు నేర్చుకున్న ఒక్క సూత్రంతో విడిపోతుంది: రెండు వర్గాల భేదం అంటే మొత్తం × భేదం. 2^64 − 1 అంటే (2^32 + 1)(2^32 − 1). రెండో ముక్క మళ్లీ (2^16 + 1)(2^16 − 1). ఇలా ఆరుసార్లు విడదీస్తే చివర 1 మిగులుతుంది. వచ్చే ముక్కలు:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

64 అనేది రెండుకు ఆరో ఘాతం కావడమే దీనికి కారణం. ఘాతం 61 అయి ఉంటే ఇలా ఒక్కసారి కూడా విరిగేది కాదు. 2^61 − 1 ప్రధాన సంఖ్యే. గడులు మూడే పెరిగాయి, కానీ రాయిలాంటి సంఖ్య కాస్తా పగిలిన పలక అయింది.

ఈ ఆరింటినీ ఫెర్మా సంఖ్యలంటారు. 1640 ప్రాంతంలో ఫ్రెంచ్ గణితజ్ఞుడు ఫెర్మా ఈ వరసలోవన్నీ ప్రధాన సంఖ్యలేనని నమ్మాడు. మొదటి ఐదు నిజంగానే ప్రధానాలు. ఆరోది 4294967297. దీని గుట్టు 1732లో గణితజ్ఞుడు ఆయిలర్ బయటపెట్టాడు: 641 × 6700417.

641 ఎలా దొరికింది? గుడ్డిగా 3, 7, 11 అంటూ భాగిస్తూ పోతే కాదు. p అనే ప్రధానం 2^32 + 1ని భాగిస్తే, pతో భాగించినప్పుడు 2^32 శేషం −1 అవుతుంది, కాబట్టి 2^64 శేషం 1. అంతకన్నా ముందు 1 రాదు. అంటే రెండు ఘాతాల శేషాలు 64 మెట్లకొకసారి చుట్టు తిరుగుతాయి. ఆ చుట్టు పొడవు p − 1ని నిశ్శేషంగా భాగించాలి. అంటే p కచ్చితంగా 64k + 1 రూపంలోనే ఉండాలి. ఆ రూపంలోని ప్రధానాలు 193, 257, 449, 577, 641. ఐదో ప్రయత్నానికే దొరికింది.

1878లో ల్యూకా దీన్ని ఇంకాస్త బిగించాడు. అలాంటి pని 8తో భాగిస్తే శేషం 1 కాబట్టి, p లెక్కలో 2 ఒక వర్గ శేషం, అంటే ఏదో ఒక సంఖ్య వర్గాన్ని pతో భాగిస్తే శేషం 2 వస్తుంది. ఆ వర్గమూలం చుట్టు పొడవు 128. అందువల్ల p ఉండాల్సిన రూపం 128k + 1. అప్పుడు మిగిలే ప్రధానాలు 257, 641 మాత్రమే. 257 ఎలాగూ వేరే ఫెర్మా సంఖ్య, ఏ రెండు ఫెర్మా సంఖ్యలకూ ఉమ్మడి కారణాంకం ఉండదు. అంటే పరీక్షించాల్సిన మొట్టమొదటి సంఖ్యే 641! సరైన ప్రశ్న వేస్తే పది అంకెల సంఖ్య మొదటి దెబ్బకే పగిలింది.

భాగహారం కూడా చేయకుండా 641 భాగిస్తుందని చూపొచ్చు. 641 = 5 × 2^7 + 1. ఇది ఒక ముఖం. 641 = 5^4 + 2^4, అంటే 625 + 16. ఇది ఇంకో ముఖం. మొదటిదాని ప్రకారం 641 లెక్కలో 5 × 2^7 అంటే −1. నాలుగో ఘాతం తీసుకుంటే 5^4 × 2^28 అంటే 1. రెండోదాని ప్రకారం 5^4 అంటే −2^4. దాన్ని అందులో పెడితే −2^32 అంటే 1. అంతే, 2^32 + 1 నిశ్శేషంగా భాగించబడింది. ఒకే సంఖ్యను రెండు రకాలుగా రాయడం తప్ప ఇందులో ఇంకేమీ లేదు. సంఖ్యాశాస్త్రంలో ఇంత పొదుపైన నిరూపణలు అరుదు.

మిగిలిన 6700417 ప్రధానమేనా? దాని వర్గమూలం 2588 చిల్లర. దాని కారణాంకాలూ 128k + 1 రూపంలోనే ఉండాలి. 2588 లోపు అలాంటి ప్రధానాలు 257, 641, 769, 1153, 1409. 257ను ముందే కొట్టేశాం. మిగతా నాలుగింటితో భాగిస్తే శేషాలు వరసగా 44, 120, 334, 622. ఏదీ సున్న కాదు. నాలుగు భాగహారాలతో ఏడంకెల సంఖ్య ప్రధానమని తేలిపోయింది.

కాబట్టి పూర్తి విడమరుపు:

18446744073709551615 = 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏడు ప్రధానాలు, ఏదీ రెండుసార్లు రాలేదు. ప్రతిదాన్నీ తీసుకోవడమో వదిలేయడమో కాబట్టి భాజకాలు 2^7, అంటే 128.

ఈ ముక్కలు బైనరీలో కంటికి కనిపిస్తాయి. మన సంఖ్య బైనరీలో 64 ఒకట్ల వరస, హెక్సాలో (పదహారు ఆధారంగా, 10 నుంచి 15కు ఎ నుంచి ఎఫ్ దాకా రాసే పద్ధతిలో) పదహారు ఎఫ్‌లు. దాన్ని 3తో భాగిస్తే 6148914691236517205. హెక్సాలో ఇది పదహారు 5లు, బిట్లుగా 0101 0101... 5తో భాగిస్తే పదహారు 3లు, బిట్లుగా 0011 0011... 17తో భాగిస్తే నాలుగు సున్నలు, నాలుగు ఒకట్లు మార్చి మార్చి. 257తో అయితే ఎనిమిదేసి, 65537తో పదహారేసి, 4294967297తో ముప్పై రెండేసి. బిట్లలో ఒకట్లెన్నో లెక్కపెట్టే కోడ్, బిట్లను అద్దంలోలా తిరగేసే కోడ్ రాసినవాళ్లకు ఈ మాస్కులు (కావలసిన బిట్లను ఏరే నమూనాలు) కొత్త కాదు. పక్కపక్క బిట్లను కలపడానికి 5ల మాస్కు, జతలను కలపడానికి 3ల మాస్కు, ఇలా. ఎవరో ఏరికోరి పెట్టిన మాయ అంకెల్లా కనిపించేవి, నిజానికి మన సంఖ్యను ఫెర్మా సంఖ్యలతో భాగించిన ఫలితాలే.

641 దగ్గర ఆ నేత మారిపోతుంది. 641తో భాగిస్తే 28778071877862015. హెక్సాలో ఇది 00663డి80 ఎఫ్‌ఎఫ్‌99సి27ఎఫ్. ఎక్కడా చిన్న నమూనా తిరిగి తిరిగి రాదు, చుట్టు పొడవు పూర్తి 64 బిట్లు. అయినా ఒక క్రమం మిగిలే ఉంది. ఎడమ సగాన్నీ కుడి సగాన్నీ ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి: 0 కింద ఎఫ్, 6 కింద 9, 3 కింద సి, డి కింద 2, 8 కింద 7. ప్రతి జతా కలిపితే పదిహేను. సున్న ఉన్నచోట ఒకటి, ఒకటి ఉన్నచోట సున్న. 1/7 దశాంశాల్లో 142857 వస్తుంది కదా, 142 + 857 = 999. సరిగ్గా అదే గుణం ఇది. 2^32 శేషం −1 కావడం వల్ల రెండో సగం మొదటి సగానికి ప్రతిబింబమైంది.

మేరు ప్రస్తారంలోనూ (పాస్కల్ త్రిభుజంలోనూ) ఇదే సంఖ్య ఎదురవుతుంది. పై వరసను సున్నో వరసగా లెక్కించి, బేసి సంఖ్య ఉన్నచోట 1, సరి సంఖ్య ఉన్నచోట 0 రాసి, ప్రతి వరసనూ బైనరీ సంఖ్యగా చదివితే 1, 3, 5, 15, 17, 51, 85, 255, 257... వస్తాయి. అన్నీ ఫెర్మా సంఖ్యల లబ్ధాలే. 63వ వరసలో అన్నీ బేసి సంఖ్యలే కాబట్టి అక్కడ వచ్చేది మన సంఖ్య. 1 నుంచి 31 దాకా వరసలు ఇంకో విషయం కూడా చెబుతాయి. స్కేలు, వృత్తలేఖినితో గీయగలమని మనకు తెలిసిన బేసి భుజాల క్రమ బహుభుజులు ఆ ముప్పై ఒకటే. 1796లో గాస్ 17 భుజాల దాన్ని సాధించడంతో తలుపు తెరుచుకుంది, వేరేవి కుదరవని 1837లో వాంట్‌జెల్ నిరూపించాడు. 32వ వరస 4294967297. 641 ఉండటం వల్ల గీయడం అక్కడ కుదరదు.

ఈ విడమరుపు వల్ల ఉపయోగమేమిటి అంటే, మొదటగా చెప్పాల్సింది, పంపిన సమాచారం దారిలో చెడిందో లేదో తేల్చే చెక్‌సమ్. ఇంటర్నెట్ ప్యాకెట్లలో వాడే చెక్‌సమ్ 16 బిట్ల ముక్కలను కూడుతూ, మిగులు బిట్‌ను తెచ్చి మళ్లీ అడుగున కలుపుతుంది. అంటే అది 65535తో శేషం తీయడమే. 16 బిట్ల చొప్పున కూడితే నెమ్మది. 64 బిట్ల చొప్పున కూడి, చివర్లో మడతపెట్టి 32కు, తర్వాత 16కు దింపినా జవాబు అదే వస్తుంది. కారణం 65535 = 3 × 5 × 17 × 257, అది మన సంఖ్యను నిశ్శేషంగా భాగిస్తుంది. 9 అనేది 9999ను భాగించడం లాంటిదే. తప్పు జరిగేది ఒకచోటే. 64 బిట్ల కూడికలో పైకి పొంగిన మిగులు బిట్‌ను వదిలేస్తే 2^64తో శేషం తీసినట్టవుతుంది తప్ప 2^64 − 1తో కాదు, జవాబు తప్పుతుంది. ఆ మిగులును ప్రతిసారీ అడుగున కలిపి తీరాలి.

రెండోది యాదృచ్ఛిక బిట్లు పుట్టించే షిఫ్ట్ రిజిస్టర్. 64 బిట్ల రిజిస్టర్‌కు మొత్తం 2^64 స్థితులు. అందులో అన్నీ సున్నలున్న స్థితి తనలోనే తిరుగుతుంది. కాబట్టి అతి పొడవైన చుట్టు సరిగ్గా 2^64 − 1. x^64 + x^4 + x^3 + x + 1 బహుపదితో కట్టిన రిజిస్టర్ ఆ చుట్టు పూర్తిగా తిరుగుతుంది. తిరుగుతుందని ఎలా తెలుసుకోవాలి? నడిపి చూస్తే కుదరదు. సెకనుకు ఒక అడుగు వేస్తే 58 వేల 4 వందల కోట్ల ఏళ్లు పడుతుంది, సెకనుకు వంద కోట్ల అడుగులు వేసినా ఐదు వందల ఎనభై ఏళ్లు దాటుతుంది. అక్కడ ఏడు ప్రధానాలు అక్కరకొస్తాయి. ముందు ఆ బహుపది లెక్కలో x^(2^64) మళ్లీ x అవుతోందని, అంటే 2^64 − 1 అడుగులకు రిజిస్టర్ మొదటికొస్తోందని చూడాలి. తర్వాత మన సంఖ్యను ఏడు ప్రధానాల్లో ఒక్కోదానితో భాగించి, వచ్చినన్ని అడుగుల తర్వాత రిజిస్టర్ మొదటి స్థితికి రాలేదని చూడాలి. వర్గాలు చేసుకుంటూ పోయే పద్ధతిలో ఒక్కో పరీక్షా వంద చిల్లర గుణకారాలతో అయిపోతుంది. చాలామంది చేసే పొరపాటు 641, 6700417లను విడదీయకుండా 4294967297తో ఒక్క పరీక్షే చేయడం. అప్పుడు 641 రెట్లు కురచైన చుట్టు కూడా దొంగచాటుగా దాటిపోవచ్చు.

ఇలాంటి మంచి బహుపదులు 64వ ఘాతంలో ఎన్ని ఉంటాయో కూడా ఈ విడమరుపే చెబుతుంది. ప్రతి ప్రధానంలోంచి ఒకటి తగ్గించి గుణించాలి: 2 × 4 × 16 × 256 × 640 × 65536 × 6700416. దాన్ని 64తో భాగిస్తే 143890337947975680. 13, 7, 17 జరుపులతో మార్సాగ్లియా 2003లో ఇచ్చిన 64 బిట్ల యాదృచ్ఛిక సంఖ్యల జనరేటర్ చుట్టు కూడా 2^64 − 1. వీటన్నిటికీ ఒకే నియమం: మొదటి విత్తనం (ఆరంభ విలువ) సున్న ఇవ్వకూడదు. ఇస్తే ఎప్పటికీ సున్నలే వస్తాయి.

ఇక ప్రోగ్రాముల్లో ఈ సంఖ్య తెచ్చే తిప్పలు. గుర్తు లేని (మైనస్ విలువలు ఉండని) 64 బిట్ల పూర్ణాంకానికి ఇదే గరిష్ఠం. లాగ్‌లోనో తెర మీదో హఠాత్తుగా 18446744073709551615 కనిపిస్తే, చాలాసార్లు అది −1. గుర్తున్న −1, గుర్తులేని గరిష్ఠం రెండింటి బిట్లూ ఒకటే, అన్నీ ఒకట్లు. ఖాళీ జాబితా పొడవులోంచి ఒకటి తీసేసినా ఇదే, సీ ప్లస్ ప్లస్‌లో స్ట్రింగ్‌లో వెతికింది దొరకకపోయినా ఇదే. వెనక్కి నడిచే లూప్‌లో గుర్తులేని సూచికను "సున్న లేదా అంతకన్నా ఎక్కువ అయినంతసేపు" అని పరీక్షిస్తే ఆ లూప్ ఆగదు. సున్న తర్వాత −1 రాదు, ఈ సంఖ్యే వస్తుంది. పొడవు నుంచి మొదలుపెట్టి, లోపలికి వెళ్లాక ఒకటి తగ్గించి వాడటమే సరైన దారి.

దశాంశ బిందువున్న సంఖ్యల రకాల్లో ఇంకో గొడవ. డబుల్ రకానికి 53 బిట్ల ఖచ్చితత్వమే ఉంటుంది. 2^64కి కొంచెం కింద పక్కపక్క డబుల్ విలువల మధ్య ఎడం 2048. మన సంఖ్య అందులో ఇమడక, దగ్గర్లోని 2^64కి జరిగిపోతుంది. జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్యగా రాస్తే తెర మీద 18446744073709552000 అని వస్తుంది. ఎక్సెల్ పదిహేను అంకెలే నిలుపుకుంటుంది కాబట్టి 18446744073709500000 అవుతుంది. కాబట్టి ఇంత పొడవు ఐడీలను జేసన్‌లో ఎప్పుడూ కొటేషన్లలో పెట్టి అక్షరాలుగానే పంపాలి, ఎక్సెల్‌లో గడిని ముందే టెక్స్ట్‌గా మార్చి ఉంచాలి. డేటాబేస్‌లలో మైఎస్‌క్యూఎల్‌కు గుర్తులేని బిగ్‌ఇంట్ ఉంది, సరిపోతుంది. పోస్ట్‌గ్రెస్ బిగ్‌ఇంట్ 9223372036854775807 దగ్గరే ఆగిపోతుంది, అక్కడ ఇరవై అంకెల న్యూమరిక్ తీసుకోవాలి. జావాలో లాంగ్ ఎప్పుడూ గుర్తున్నదే, జావా 8 నుంచి గుర్తులేనట్టుగా చదివే, రాసే ఫంక్షన్లు వేరుగా ఉన్నాయి.

పైథాన్‌లో పూర్ణాంకాలకు హద్దు లేదు కదా అని నిశ్చింతగా ఉండలేం. మామూలు వర్గమూలం ఫంక్షన్‌కు మన సంఖ్య ఇస్తే 4294967296.0 వస్తుంది. అది తప్పు. ఆ సంఖ్య వర్గం మన సంఖ్య కన్నా ఒకటి ఎక్కువ, కాబట్టి పూర్ణాంక వర్గమూలం 4294967295. లోపల డబుల్‌గా మారినప్పుడు సంఖ్య ముందే 2^64కి జరిగిపోయింది, వర్గమూలం దానిది వచ్చింది. పూర్ణాంకాల కోసమే ఉన్న ఐఎస్‌క్యూఆర్‌టి వాడితే సరైన జవాబు వస్తుంది.

కారణాంకాలు వెతికే లూప్‌లోనూ ఈ హద్దు దగ్గరే దెబ్బ తగులుతుంది. "ఐ ఇంటూ ఐ, ఎన్‌ని దాటనంతసేపు" అని రాసిన లూప్ మన సంఖ్యకు చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే దొరికిన కారణాంకాన్నల్లా తీసేస్తూ పోతే 65537 తర్వాత మిగిలేది 6700417, లూప్ అక్కడే ఆగుతుంది. ఇది పనిచేసింది కదా అని అదే కోడ్‌కు 18446744073709551557 ఇవ్వండి. 2^64 లోపు అతి పెద్ద ప్రధాన సంఖ్య అది. ఐ 4294967297కి చేరగానే దాని వర్గం 64 బిట్లలో పట్టక, పైభాగం తెగిపోయి 8589934593 మిగులుతుంది. అది ఎన్ కన్నా చిన్నదే కాబట్టి లూప్ ఆగాల్సిన చోట ఆగకుండా ముందుకు పోతుంది. గుణకారం తీసేసి "ఐ, ఎన్ బై ఐని దాటనంతసేపు" అని భాగహారంతో రాస్తే పొంగే ప్రమాదం ఉండదు. ఎలాగూ శేషం కోసం ఆ భాగహారం చేస్తున్నదే, కాబట్టి అదనపు ఖర్చు కూడా పెద్దగా పడదు.